ఆ పేరు ఇప్పుడెక్కడుంది

కోడ్ ఎడిటర్‌లో ఏ పేరు మీదైనా కంట్రోల్ కీ నొక్కిపెట్టి క్లిక్ చేస్తే, ఆ పేరు పుట్టిన చోటికి వెళ్లిపోతాం. ఒక ఫంక్షన్‌ని ఎవరో ఎక్కడో పిలుస్తుంటారు. అది అసలు ఏం చేస్తుందో చూడాలంటే ఒక్క నొక్కు చాలు, దాని గుమ్మంలో ఉంటాం. పదిహేనేళ్లుగా చేస్తున్న పని కాబట్టి దీని గురించి నేనెప్పుడూ ప్రత్యేకంగా ఆలోచించలేదు. మొన్న ఒక మధ్యాహ్నం మాత్రం వేలు నొక్కింది, తెర కదల్లేదు. మళ్లీ నొక్కాను. కదల్లేదు. అప్పుడు చూసుకున్నాను, నేను నొక్కుతున్న పేరు కోడ్‌లోది కాదు, కోడ్ మధ్యలో ఎవరో రాసిపెట్టిన కామెంట్‌లోది. బూడిదరంగు అక్షరాలు. పక్క లైన్లలో పేర్లన్నీ నీలంగానో ఊదాగానో వెలుగుతుంటే ఈ పేరు మాత్రం చుట్టూ ఉన్న మాటల్లో కలిసిపోయి ఉంది. అదే పేరు రెండు లైన్ల కింద కోడ్‌లో ఉంటే యంత్రం గుర్తుపడుతుంది, దారి చూపిస్తుంది, ఒక్క అక్షరం తప్పు పడితే ఎర్రగీత గీసి ఆపుతుంది. రెండు స్లాష్‌ల వెనక్కి జరిగేసరికి దాన్ని పలకరించేవాళ్లే లేరు. మనిషి మనిషికి చెప్పుకునే మాట దగ్గరే యంత్రం ఇలా మొహం తిప్పుకుంటుందేమిటి అనిపించింది. ఆ రోజు నుంచి ఈ సంగతి నన్ను వదల్లేదు.

ఆ కామెంట్ ఏమిటో చెప్పాలి. అప్పుల మీద వాయిదాలు లెక్కకట్టే జావా ప్రోగ్రామ్ అది. వాయిదా మొత్తం తెర మీద నాలుగు దశాంశాలతో కనిపిస్తోందని ఫిర్యాదు వస్తే, లెక్క జరిగే చోటే రెండు దశాంశాలకు కుదించేద్దామని ఫైలు తెరిచాను. సరిగ్గా నేను చెయ్యి పెట్టబోతున్న లైను మీద ఇంగ్లీషులో రెండు చిన్న వాక్యాలున్నాయి: ఇక్కడ పైసలు రౌండ్ చేయకండి, ఎందుకో రౌండింగ్‌రూల్స్ దగ్గర రాశాను. సరే చూద్దామని ఆ పేరు కోసం ప్రాజెక్టంతా వెతికాను. ఆ కామెంట్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. రాసినాయన సంస్థ వదిలి చాలాకాలమైంది. మాటేమో నన్నే ఉద్దేశించి రాసినట్టుంది, చూడమన్న చోటేమో లేదు. లైను మార్చేద్దామంటే చెయ్యి రాలేదు, వదిలేద్దామంటే ఫిర్యాదు అలాగే ఉంది. రెండు రోజులు గిట్‌లో పాత మార్పుల చరిత్ర తవ్వుకుంటూ కూర్చున్నాను. 2019లో ఎవరో ఆ క్లాస్‌కి ఇంకొంచెం అర్థవంతమైన పేరు పెట్టారు. ఎడిటర్‌లో ఉండే రీనేమ్‌తోనే మార్చారు. ఎడిటర్ తన పని శుభ్రంగా చేసింది, కోడ్‌లో ఆ పేరు వాడిన ప్రతి చోటా కొత్త పేరు పెట్టింది. ఈ కామెంట్ జోలికి మాత్రం రాలేదు. దాని లెక్కలో ఇది పేరే కాదు కదా.

కొత్త పేరు పట్టుకుని అక్కడికి వెళితే ఆయన వివరణ చెక్కుచెదరకుండా ఉంది. పదివేల రూపాయల్ని మూడు సమాన వాయిదాలు చేస్తే ఒక్కోటి 3,333 రూపాయల 33 పైసలు, మూడూ కూడితే 9,999 రూపాయల 99 పైసలు. ఒక పైసా ఎక్కడికో పోయింది. లక్షల ఖాతాల్లో అలా పోతూ ఉంటే రాత్రి పద్దులు కుదరనప్పుడు ఎక్కడ పోయిందో ఎవరికీ తెలీదు. అందుకని మధ్యలో ఎక్కడా రౌండ్ చేయకుండా లెక్క మొత్తం నడిపి, చివరి వాయిదాలో ఆ తేడా కలపాలి. రౌండ్ చేయాల్సిన చోటు ఇదొక్కటే, అని ఉదాహరణతో సహా రాశాడాయన. ఎంత ఓపిక! ఎన్నేళ్ల తర్వాతో ఎవరో వచ్చి ఈ లైను దగ్గర తప్పు చేయబోతారని ఊహించి, వాళ్ల కోసం ముందే కూర్చుని రాశాడు. ఆయన చెప్పాల్సింది చెప్పాడు, నేను వినడానికి సిద్ధంగానే ఉన్నాను. ఇద్దరి మధ్య దారి తెగిపోయి ఉంది, అంతే. అది చదివినప్పుడు నాకు కలిగింది కృతజ్ఞతో దిగులో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

కామెంట్‌లో పేరు కనిపిస్తే ఎడిటర్ దానంతటదే ఎందుకు గుర్తుపట్టకూడదు? మొదట నాకూ ఇదే ప్రశ్న వచ్చింది. కానీ ఎవరైనా ‘ఇంట్లో శాంతి లేదు’ అని చీటీ రాసి తలుపుకి గుచ్చారనుకోండి, శాంతి అనే అమ్మాయి బయటికి వెళ్లిందనా, ఇంట్లో గొడవలుగా ఉన్నాయనా? చదివే మనకే ఆ ఇల్లు తెలిస్తే తప్ప తెలీదు. ప్రోగ్రాముల్లో పేర్లు చాలావరకు ఇలాంటివే. రన్, ఓపెన్, గెట్, క్లోజ్ అని ఫంక్షన్లకి పేర్లు పెడతాం, కామెంట్‌లో అవే మాటల్ని మామూలు ఇంగ్లీషుగానూ రాస్తాం. కొన్ని ఎడిటర్లు పేరు మార్చేటప్పుడు ‘కామెంట్లలో కూడా వెతకమంటారా’ అని అడుగుతాయి. ఒకసారి సరేనన్నాను. ఆర్డర్ అనే క్లాస్ పేరు మారుస్తుంటే, వరుసక్రమం అనే అర్థంలో ఆర్డర్ అని రాసిన వాక్యాలన్నీ మారిపోయి, ఒక పూటంతా వాటిని సరిచేసుకుంటూ కూర్చున్నాను. కాబట్టి ఇది మాట, ఇది పేరు అని విడదీసి చూపించాల్సిన బాధ్యత రాసేవాళ్లదే. యంత్రం అడిగేది ఆ చిన్న గుర్తు ఒక్కటే.

ఆ గుర్తు జావాలో దాదాపు మొదటినుంచీ ఉంది. 1996లో జావా బయటికి వచ్చినప్పుడే జావాడాక్ అనే పనిముట్టు వెంట వచ్చింది. స్లాష్, రెండు స్టార్లతో మొదలుపెట్టి ఫంక్షన్ నెత్తిన రాసే కామెంట్‌ని అది చదివి, అందులోంచి చదువుకోవడానికి పేజీలు తయారుచేస్తుంది. అందులో ఫలానాది కూడా చూడండి అనడానికి ఎట్ గుర్తు పెట్టి సీ అని రాస్తారు. వాక్యం మధ్యలోనే దారి వేయాలంటే ఫ్లవర్ బ్రాకెట్‌లో ఎట్ గుర్తు, లింక్ అనే మాట, తర్వాత క్లాస్ పేరు, హ్యాష్, ఫంక్షన్ పేరు. చూడ్డానికి ముళ్లకంచెలా ఉంటుంది గాని, అలా రాసిన పేరు బతికున్న పేరు. మౌస్ దాని మీద ఆపితే వివరం పైకి తేలుతుంది, నొక్కితే తీసుకెళుతుంది, రెండక్షరాలు కొట్టేసరికి మిగతా పేరు ఎడిటరే అందిస్తుంది. అసలు క్లాస్ పేరు మారిస్తే ఇదీ మారుతుంది. ఆ క్లాస్ తీసేస్తే కింద గీత పడుతుంది. రౌండింగ్‌రూల్స్ అనే పేరు ఆ బ్రాకెట్లో ఉండి ఉంటే 2019లో దానంతటదే కొత్త పేరుగా మారిపోయేది, నా రెండు రోజులూ మిగిలేవి.

అయితే ఆయన ఆ గుర్తు ఎందుకు పెట్టలేదు? బద్ధకం అనుకోలేను, అంత వివరంగా రాసిన మనిషి. ఆయన రాసింది ఫంక్షన్ లోపల, ఒక లైను పక్కన, రెండు స్లాష్‌ల కామెంట్. అలాంటి చోట ఫ్లవర్ బ్రాకెట్ పెట్టినా జావాడాక్ చూడదు. దాని చూపంతా ఫంక్షన్ నెత్తిన ఉండే పెద్ద కామెంట్ల మీదే. వాటిలో రాసేది బయటివాళ్లకి చెప్పే మాట: ఈ ఫంక్షన్ ఏం తీసుకుంటుంది, ఏం ఇస్తుంది. ‘ఇక్కడ చెయ్యి పెట్టకండి’ లాంటి మాట ఎక్కడ రాస్తాం? చెయ్యి పడే చోటే కదా. నా అనుభవంలో మనసు పెట్టి రాసిన కామెంట్లన్నీ ఇలా లోపలి గదుల్లోనే ఉంటాయి, దారులు వేసే ఏర్పాటేమో వీధి వాకిలి వరకే.

ఇంకో సంగతి కూడా నన్ను ఆశ్చర్యపరిచింది. ఈ సౌకర్యం చాలా భాషలకి నిన్నమొన్న వచ్చింది. రస్ట్ భాషలో స్క్వేర్ బ్రాకెట్ల మధ్య పేరు రాస్తే అదే లింకు కావడం 2020 నవంబర్‌లో, 1.48 వెర్షన్‌తో స్థిరపడింది. అంతకుముందు వాళ్లు, తయారవబోయే హెచ్‌టీఎంఎల్ పేజీ ఫైలు పేరు ఏమవుతుందో ఊహించి, ఆ ఫైలు దారిని చేత్తో రాసేవాళ్లు. ఇంకా కట్టని ఇంటికి డోర్ నంబరు వేసినట్టు. అదే వస్తువును ఇంకో చోటి నుంచి కూడా చూపిస్తే ఒక పేజీలో పనిచేసే దారి ఇంకో పేజీలో పనిచేయదు. జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ రాసేవాళ్లకి కామెంట్‌లోని లింక్ గుర్తును ఎడిటర్ అర్థం చేసుకోవడం 2021 మే నెలలో టైప్‌స్క్రిప్ట్ 4.3తో వచ్చింది. అప్పటిదాకా ఆ గుర్తు రాసేవాళ్లు రాస్తూనే ఉన్నారు, ఎడిటర్ దాన్ని మామూలు అక్షరాలుగా చూపిస్తూనే ఉంది. గో భాష 1.19తో 2022 ఆగస్టులో స్క్వేర్ బ్రాకెట్లు తెచ్చుకుంది. పేరు పుట్టిన చోటికి దూకడం మాత్రం చాలా పాతది. యూనిక్స్‌లో సీట్యాగ్స్ అనే చిన్న ప్రోగ్రామ్ పేర్ల పట్టిక తయారుచేసిపెడితే, వీఐ ఎడిటర్ ఆ పట్టిక చూసి దూకేది. వెళ్లిన చోటు నుంచి వచ్చిన దారినే వెనక్కి రావడానికి కూడా దాని తర్వాత వచ్చిన విమ్‌లో వేరే కీ ఉంది. కోడ్‌కి ఇన్ని దశాబ్దాలుగా ఉన్న సుఖం కామెంట్‌కి ఎందుకు ఇంత ఆలస్యంగా వచ్చింది?

జవాబు మొదటి పాఠంలోనే ఉందనుకుంటాను. కామెంట్ అంటే కంపైలర్ పట్టించుకోనిది అని మాకు క్లాసులో చెప్పారు. నేనూ కొత్తగా చేరినవాళ్లకి అలాగే చెప్పాను. కంపైలర్ పారేసేదాన్ని కంపైలర్ మీద ఆధారపడిన ఎడిటర్ ఎక్కడినుంచి తెస్తుంది? ఈమ్యాక్స్ లిస్ప్‌లో ఇది మొదటినుంచీ వేరుగా ఉంది. అక్కడ ఫంక్షన్ వివరణ ఫంక్షన్‌లో భాగంగానే ఉంటుంది. అందులో ఒక ప్రత్యేకమైన కోట్ గుర్తుల మధ్య రాసిన పేరు, సహాయం పేజీలో నొక్కదగిన బటన్ అయిపోతుంది. వివరణను పారేయని చోట దానికి దారులూ మొలిచాయి. తరవాత 2016లో మైక్రోసాఫ్ట్, రెడ్ హ్యాట్, కోడెన్వీ కలిసి లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ని ప్రకటించాక, భాష తెలిసిన బుర్ర ఒక చోట, చూపించే తెర ఇంకో చోట అయ్యాయి. ఒక భాషకి కామెంట్‌లోని పేర్లు చదవడం ఒకసారి నేర్పిస్తే, ఆ ప్రోటోకాల్ తెలిసిన ఎడిటర్లన్నిటికీ అది అందే వీలు కలిగింది.

కాగితం మీద మాత్రం ఇలాంటి దారుల కోసం తపించినవాళ్లు ముందే ఉన్నారు. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ క్నూత్, టెక్ అనే తన అచ్చుకూర్పు ప్రోగ్రామ్ మొత్తాన్ని 1986లో పుస్తకంగా వేశాడు. ప్రోగ్రామ్‌ని మనుషులు చదువుకునే వ్యాసంలా రాయాలని ఆయన పట్టుదల. ఆ పుస్తకంలో తెరిచిన పేజీల అడుగున ఒక చిన్న సూచిక ఉంటుంది: ఈ పేజీల్లో వాడిన ఏ పేరు ఏ భాగంలో పుట్టిందో. చదివే మనిషి వేలు పేజీల మధ్య ఇరికించుకుని వెనక్కీ ముందుకీ తిప్పుకోకూడదని. మౌస్ ఆపితే ఇప్పుడు పైకి తేలే ఆ చిన్న పెట్టె ఆ పేజీల అడుగున అప్పుడే ఉంది. మన నిఘంటువుల్లో ‘చూ.’ అని ఉండేది కూడా ఇదే పని చేస్తుంది. ఒక మాట దగ్గరికి వెళితే ఇంకో మాట చూడమంటుంది, అక్కడికి వెళితే అసలు అర్థం ఉంటుంది. ఆ రెండో మాట అచ్చులో జారిపోయిందంటే ఆ చదివేవాళ్లకి ఇంక ఆసరా లేదు. ఒక్క అక్షరమూ చుక్కా, దాని మీద ఎంత నమ్మకం పెట్టుకుని పేజీలు తిప్పుతామో!

ఇదంతా ఆలోచిస్తూ ఉండగా నాన్నగారు గుర్తొచ్చారు. పశ్చిమగోదావరిలో మా ఊరి రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా ఆయన దస్తావేజులు రాసేవారు. పొలం అమ్మేవాళ్లు, కొనేవాళ్లు కలిసి వచ్చి అరుగు మీద కూర్చోగానే ఆయన అడిగే మొదటి మాట ‘లింకు డాక్యుమెంటు తెచ్చారా అండీ’ అని. లింకు అనే ఇంగ్లీషు మాట నాకు మొదట తెలిసింది కంప్యూటర్ దగ్గర కాదు, ఆ అరుగు మీద. అమ్మేవాళ్లకి ఆ పొలం ఎలా వచ్చిందో చెప్పే పాత దస్తావేజు అది. కొత్త దస్తావేజులో ఆ పాతదాని నంబరు, సంవత్సరం రాసి తీరాలి. దానిలో దాని ముందుదాని నంబరు ఉంటుంది. అలా పట్టుకుని వెళితే రెండు మూడు తరాల వెనక్కి వెళ్లొచ్చు. తరవాత పేజీలో షెడ్యూలు, అందులో నాలుగు హద్దులు. తూర్పు: సూరయ్యగారి చేను. దక్షిణం: పుంత. పడమర: పంట బోదె. ఉత్తరం: ఇంకెవరిదో కొబ్బరితోట.

‘పాతదాంట్లో ఉన్నట్టే హద్దులు దింపేయండి గురువుగారూ’ అనేవాళ్లు వచ్చినవాళ్లు. బస్సు వేళ అవుతుంటుంది. నాన్నగారు కలం పక్కన పెట్టేసేవారు. ‘సూరయ్యగారు ఉన్నారా అండీ ఇప్పుడు?’ అని అడిగేవారు. ‘ఆయన పోయి పదేళ్లయింది. పెద్దాడు అమ్ముకున్నాడు కూడా.’ ‘ఎవరికమ్మాడు?’ అక్కడ మొదలయ్యేది విచారణ. చివరికి ఆయన రాసేది ఇలా ఉండేది: తూర్పు, ఇంతకుముందు సూరయ్యగారి చేను, ప్రస్తుతం ఫలానావారి చేను, సర్వే నంబరు ఇంత. పాత పేరు కొట్టేసేవారు కాదు. ఎందుకు నాన్నగారూ, ఇప్పుడు లేని మనిషి పేరెందుకు అని అడిగితే, ‘లింకు డాక్యుమెంట్లో సూరయ్యగారే ఉన్నారమ్మా. రేపెవరైనా రెండూ పక్కన పెట్టుకుని చదివితే ఇది ఆ పొలమేనని తెలియాలి కదా’ అన్నారు. ఆయనకి కోడ్ అంటే ఏమిటో తెలీదు. నా రెండు రోజుల వెతుకులాటకి అసలు జబ్బు ఏమిటో మాత్రం అరుగు మీద ఎప్పుడో చెప్పేశారు.

ఆ తర్వాత కుతూహలం కొద్దీ 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం తిరగేశాను. ఇరవై ఒకటో సెక్షన్‌లో ఆస్తిని ఎలా వర్ణించాలో ఉంది. గుర్తుపట్టడానికి సరిపడా వర్ణన ఉండాలి. భూమి అయితే దాని విస్తీర్ణం, ఆనుకుని ఉన్న దారులు, ఆస్తులు, ప్రస్తుతం ఎవరి స్వాధీనంలో ఉందో రాయాలి. వీలైన చోటల్లా ప్రభుత్వ పటాన్ని, సర్వేను ప్రస్తావించాలి. మనుషుల పేర్లు మారతాయని, పటంలోని నంబరు వాళ్లకంటే ఎక్కువకాలం నిలుస్తుందని ఆ చట్టం రాసినవాళ్లకి తెలుసు. రెండూ అడగడంలో ఉన్న తెలివి నాకిప్పుడు అర్థమవుతోంది. నంబరు ఒక్కటే రాస్తే చదివేవాళ్లకి కళ్ల ముందు ఏ పొలమూ కనపడదు. పేరు ఒక్కటే రాస్తే పదేళ్లకి అది ఎవరిదో తెలీదు. కామెంట్‌లో మామూలు మాటలుగా రాసిన పేరు సూరయ్యగారి చేను లాంటిది. బ్రాకెట్‌లో పెట్టినప్పుడు దానికి సర్వే నంబరు కూడా తోడవుతుంది.

అదే చట్టంలో యాభై ఐదో సెక్షన్ సూచికల గురించి. ఒకటో ఇండెక్సులో మనుషుల పేర్లు, రెండో ఇండెక్సులో ఆస్తుల వివరాలు. జనం ‘ఈసీ తీయించారా’ అంటారే, ఆ ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ వెతుకులాటకి ఇవే ఆధారం. దస్తావేజు వెనక్కి మాత్రమే చూపిస్తుంది: నేను ఫలానాదాని నుంచి వచ్చాను అని. ఈసీ రెండో వైపు నుంచి చెబుతుంది: ఈ పొలాన్ని ఎవరెవరు తాకారో, దీని మీద ఎవరి తాకట్టు ఉందో. ఎడిటర్ సాయంలో కూడా నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది ఈ రెండో వైపే. కామెంట్‌లోంచి ఫంక్షన్‌కి వెళ్లడం సౌకర్యం, నిజమే. కానీ ఒక ఫంక్షన్ మార్చబోతూ ‘దీన్ని ఎవరెవరు వాడుతున్నారు’ అని అడిగినప్పుడు, పిలిచేవాళ్ల జాబితాలో ఎక్కడో దూరపు ఫైలులోని ఒక కామెంట్ కూడా వచ్చి నిలబడితే? అది దీన్ని పిలవదు, దీని మీద కోడ్ పరంగా ఆధారపడదు. ఒక మనిషి మాత్రం తన వాక్యంలో దీన్ని నమ్ముకున్నాడు. ఆ వాక్యం చదివితే నేను మార్చబోయేది ఎవరి మాటను అబద్ధం చేస్తుందో ముందే తెలుస్తుంది. మాట నిలబెట్టడమో, మాటను సరిదిద్దడమో, రెండిట్లో ఒకటి చేయగలను. తెలియకపోతే రెండూ చేయలేను.

ఇక్కడే నాకు సందేహాలూ ఉన్నాయి. లింకు పనిచేస్తోందంటే ఆ పేరు ఉందని మాత్రమే అర్థం. అక్కడ రాసింది ఇంకా నిజమేనా అన్నది ఏ ఎడిటరూ చెప్పలేదు. 2019లో పేరు కాకుండా లోపలి నియమమే మారి ఉంటే, నా లింకు నీలంగా మెరుస్తూ నన్ను నిక్షేపంగా తప్పుదారి పట్టించేది. తెగిన దారి కనీసం ఆపింది, అనుమానించేలా చేసింది. ఇది తలుచుకున్నప్పుడు ఆ రెండు రోజులూ పూర్తిగా వృథా కాలేదేమో అనుకుంటాను. వెతుకుతూ వెతుకుతూ ఆ ప్రోగ్రామ్ ఎలా పెరిగిందో తెలుసుకున్నాను, దాన్ని రాసినవాళ్ల తడబాట్లు చూశాను. నొక్కగానే వెళ్లిపోయి ఉంటే అదంతా తెలిసేదా? అలాగని దారులు తెంపి పెట్టుకుందామా అంటే అదీ మనసొప్పదు. నాకు రెండు రోజులు దొరికాయి. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి కూర్చుని ఇదే లైను చూసేవాళ్లకి పది నిమిషాలు కూడా దొరకవు.

కడుపు మండే సంగతి వేరే ఉంది. 2014లో జావా 8 వచ్చినప్పుడు జావాడాక్ కఠినంగా మారింది. కామెంట్‌లో లింకు లేని చోటికి చూపిస్తే అది తప్పు కింద లెక్క, పేజీలు తయారుచేయకుండా ఆగిపోతుంది. అంటే ఏళ్ల తరబడి పేరుకున్న తెగిన దారులన్నీ ఒక్కసారిగా కనిపించే అవకాశం. చాలామంది ఏం చేశారంటే ఆ తనిఖీనే ఆపేసే ఒక చిన్న ఆదేశం కనిపెట్టి, దాన్ని ఒకరి దగ్గర ఒకరు నకలు చేసుకున్నారు. మా దగ్గరా అది ఉంది, నేనే చూశాను. తొందరలో ఉన్నవాళ్లని తప్పుపట్టలేను. విడుదల రేపు అయితే ఈరోజు మూడువందల కామెంట్లు ఎవరు దిద్దుతారు? కానీ ఆ ఆదేశం అలా ఏళ్లపాటు ఉండిపోవడం మాత్రం బాధగా ఉంటుంది. దిద్దుదామని ఎవరో అనుకునే ఉంటారు.

దారి వేయడానికి వీలే లేని చోట్లూ ఉన్నాయి. ఇంకో ప్యాకేజీలో ఉన్న క్లాస్‌ని కామెంట్‌లో చూపించాలంటే దాన్ని ఇంపోర్ట్ చేయాలి, లేదా పూర్తి పేరు చేంతాడులా రాయాలి. కోడ్‌కి అవసరం లేనిదాన్ని కామెంట్ కోసం ఇంపోర్ట్ చేస్తే అక్కర్లేనిదని తనిఖీ పనిముట్లు సణుగుతాయి. అన్నిటికంటే కింద ఉండే భాగాలకి పైనున్నవాటి సంగతి తెలియకూడదని కట్టడి పెట్టుకుంటాం, మంచి కట్టడే. కానీ కిందివాళ్లే ఒక్కోసారి చెప్పాల్సి వస్తుంది: మేమిలా వింతగా ఎందుకున్నామంటే పైన ఫలానాది ఇలా అడుగుతుంది కాబట్టి అని. ఆ పేరు అక్కడి నుంచి యంత్రానికి కనపడదు. ఇక, లేనివాటి గురించి రాసే కామెంట్లున్నాయి. పాత పద్ధతి ఎందుకు తీసేశామో, ఏది ప్రయత్నించి వదిలేశామో. నాకు తెలిసి ఒక ప్రోగ్రామ్‌లో ఇంతకంటే విలువైన వాక్యాలుండవు. అవి చూపించేదే ఇప్పుడు లేనిదాన్ని. ఏ బ్రాకెట్ పెట్టినా దానికి గీతే పడుతుంది.

ఒక శుక్రవారం సాయంత్రం అందరూ వెళ్లాక మళ్లీ ఆ ఫైలు తెరిచాను. ఆయన రాసిన రెండు వాక్యాలూ అక్కడే ఉంచి, అదే మాటను ఫంక్షన్ నెత్తిన ఉన్న పెద్ద కామెంట్‌లో కూడా రాశాను. ఫ్లవర్ బ్రాకెట్ తెరిచి, ఎట్ గుర్తు, లింక్ అని కొట్టి, కొత్త పేరులో మూడక్షరాలు వేయగానే మిగతాది ఎడిటర్ అందించింది. బూడిదరంగులోంచి ఆ పేరు ఒక్కటీ వేరే రంగులోకి వచ్చింది. కంట్రోల్ నొక్కి క్లిక్ చేశాను. పైసా లెక్క కళ్ల ముందుకొచ్చింది. వెనక్కి వచ్చి అదే ఫైలులో మిగతా కామెంట్లు చదవడం మొదలుపెట్టాను. పదకొండు పేర్లున్నాయి. తొమ్మిదింటికి దారులు దొరికాయి. ఒకటి పేరు మారింది, ఒకటి రెండుగా విడిపోయింది, మిగిలినవి ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి. చివరి రెండూ ఎంత వెతికినా ప్రస్తుతం ఎక్కడా లేవు. గిట్‌లో చూస్తే రెండిటినీ ఒకే రోజు తీసేశారు. వాటిని తుడిచేద్దామని చెయ్యి వెళ్లింది గాని, ఆగాను. బ్రాకెట్ పెట్టకుండా ఆ పేర్లను అలాగే ఉంచి, పక్కన రాశాను: ఇంతకుముందు ఇక్కడ ఉండేది, 2019లో తీసేశారు, దాని పని ఇప్పుడు ఫలానాది చేస్తోంది. ఆ ఫలానాదానికి మాత్రం లింకు పెట్టాను.